తూకంలో దొరకని జబ్బు

  

ఈ ప్రసంగం బండా వాసుదేవరావుగారి స్మృతికి. బి.వి. రావు అంటేనే మనవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. 1971లో హైదరాబాద్‌లో ఆయన హేచరీ మొదలుపెట్టిన నాటికి మన పల్లెల్లో కోడి అంటే పెరట్లో తిరిగేది, చుట్టం వస్తే కోసేది. దాన్ని ఒక వృత్తిగా, బ్యాంకు అప్పు ఇచ్చే వ్యాపారంగా నిలబెట్టినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉన్నారు. ఆయన చేసిన రెండో పని నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. గుడ్డు పెట్టించేది రైతు, దాని ధర చెప్పేది ఎక్కడో మహానగరంలో కూర్చున్న వ్యాపారి. ఆ తంతును తిరగేయడానికి ఆయన ఊరూరా రైతుల సభలు పెట్టారు. 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ అలా పుట్టింది. 1990లో పద్మశ్రీ వచ్చింది. 1996లో ఆయన కన్నుమూశారు.

నేను ఇవాళ మాట్లాడబోయే జబ్బుల గురించి ఆయన బతికుండగా ఇంత చర్చ లేదు. అందులో ముఖ్యమైనవి శాస్త్ర పత్రికల్లోకి ఎక్కింది ఆయన పోయిన తర్వాతే. అయినా ఈ విషయం ఆయన పేరు మీద జరిగే సభకే తగినదని నా నమ్మకం. ఎందుకంటే ఇదీ చివరికి ధర సంగతే. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే, ముందే చెప్పేస్తాను. బ్రాయిలర్ రొమ్ము కండకు వస్తున్న జబ్బులు క్రిమి తెచ్చినవి కావు, ఇంజక్షన్ తెచ్చినవి కావు, రైతు చేతగానితనం తెచ్చినవీ కావు. మనం కిలోకు ధర కట్టాం, కిలో లోపలి కండ ఎలా ఉందో అడగలేదు. డెబ్భై ఏళ్ళుగా కోడి మనం డబ్బులిచ్చినదాన్నే పెంచుతూ వచ్చింది. మిగతాదంతా దీనికి వివరణ.

1. తొమ్మిది వందల గ్రాముల నుంచి నాలుగు కిలోల దాకా

కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు పాత కోడి వంశాలను జాగ్రత్తగా కాపాడుతూ వచ్చారు. 1957 నాటిది ఒకటి, 1978 నాటిది ఒకటి. బరువుకనో రూపానికనో ఏరకుండా, తరం తర్వాత తరం వాటిని ఉన్నవి ఉన్నట్టే పెంచారు. వాటి పక్కన 2005 నాటి రాస్ 308 బ్రాయిలర్‌ను పెట్టి, మూడింటికీ ఒకే మేత వేశారు. 2014లో అచ్చయిన ఆ లెక్క ఇది: 56వ రోజున 1957 కోడి 905 గ్రాములు, 1978 కోడి 1,808 గ్రాములు, 2005 కోడి 4,202 గ్రాములు. అంతేకాదు, కిలో బరువుకు తినే మేత దాదాపు సగానికి పడిపోయింది. రొమ్ము కండ వాటా బాగా పెరిగింది.

మూడింటికీ ఒకే మేత అన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ హాలు దాటి టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, 'ఏదో ఇంజక్షన్ చేస్తారటగా' అని ఎవరో ఒకరు అడుగుతారు. పెరుగుదల హార్మోను ఒక మాంసకృత్తి. మేతలో కలిపితే కడుపులో మిగతా మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. సూదితో వేయాలంటే పదివేల కోళ్ళ షెడ్డులో పదివేల కోళ్ళనూ మళ్ళీ మళ్ళీ పట్టుకోవాలి. వ్యాక్సిన్ వేసే ఒక్క రోజుకే మనుషులు దొరక్క మన రైతు పడే పాట్లు నాకు తెలుసు. యాంటీబయాటిక్‌ల వాడకం వేరే కథ. అది నిజమైన సమస్యే, దానికి ఇంకో సభ కావాలి. పెరుగుదల మాత్రం ఏరిక వల్ల వచ్చింది. ఏ కోడి ముందు బరువెక్కిందో దాని పిల్లల్ని ఉంచుకోవడం, మిగతావాటిని తీసేయడం. అంతే.

ఆ ఏరికకు దారి చూపింది ఒక పోటీ. 1948లో అమెరికాలో డెలావేర్‌లో 'రేపటి కోడి' అనే జాతీయ పోటీ తుది ఘట్టం జరిగింది. సరుకులమ్మే పెద్ద దుకాణాల సంస్థ ఒకటి దాని వెనక ఉంది. రొమ్ము వెడల్పుగా, కండ నిండుగా, తక్కువ కాలంలో ఎదిగే కోడిని తెచ్చినవాడికి బహుమతి. కాలిఫోర్నియా నుంచి వచ్చిన వాంట్రెస్ కుటుంబం కార్నిష్ జాతిని న్యూ హాంప్‌షైర్‌తో కలిపిన కోడితో గెలిచింది. ఆ కోడి లోపల గుండె ఎంతుంది, కండకు రక్తం ఎలా చేరుతోంది అని మార్కులు వేసే పట్టిక మీద గడి లేదు. లేనిదానికి మార్కులు పడవు.

ఇవాళ మన షెడ్డులో దిగే పిల్లకు పైన తల్లిదండ్రుల మంద, ఆ పైన తాతల మంద, ముత్తాతల మంద, అన్నిటికీ పైన మూల వంశాలు ఉంటాయి. ఆ పైమెట్టు ప్రపంచం మొత్తం మీద కొద్ది సంస్థల చేతుల్లో ఉంది. అక్కడ ఇవాళ తీసుకున్న నిర్ణయం మన కరీంనగర్ షెడ్డులోనో తణుకు షెడ్డులోనో కనపడడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. ఈ మాట తర్వాత మళ్ళీ కావాలి.

2. కండ లోపల జరిగేది

విద్యార్థులు ఇక్కడ కాస్త శ్రద్ధ పెట్టాలి. రైతులు విసుగనుకోకుండా ఓపిక పట్టాలి, ఇది మీ జేబులోకి వచ్చే సంగతే.

పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చేనాటికే దాని కండలో ఎన్ని పోగులుండాలో తేలిపోతుంది. ఆ తర్వాత పోగుల సంఖ్య పెరగదు, ఒక్కో పోగు లావెక్కుతుంది. పోగుకు అంటుకుని శాటిలైట్ కణాలని ఉంటాయి. అవి విభజన చెంది పోగులో కలిసిపోతే పోగు లావెక్కుతుంది. పోగుకు దెబ్బ తగిలితే మరమ్మతు చేసేవి కూడా అవే. వాటి చురుకుదనమంతా మొదటి వారంలోనే ఎక్కువ.

ఇక రొమ్ము కండ రకం చూడండి. కోడి రోజంతా నడుస్తుంది కాబట్టి తొడ కండ ఎర్రగా ఉంటుంది, దానికి రక్తం దండిగా అందుతుంది. రొమ్ము కండ రెక్కలు కొట్టడానికి ఉన్నది. కోడి ఎగిరేది ఎప్పుడో ఒకసారి, అదీ కొన్ని క్షణాలు. అందుకని ఆ కండ దాదాపు మొత్తం తెల్ల పోగులతో తయారైంది. తెల్ల పోగు ఆక్సిజన్ లేకుండానే నిల్వ ఉన్న చక్కెరను మండించి ఒక్క ఊపులో పని చేయగలదు. అందుకే దాని చుట్టూ సన్న రక్తనాళాలు మొదటి నుంచీ తక్కువే. పెరటి కోడికి అది చాలు.

ఆ పోగును ఐదారు వారాల్లో ఊహించనంత లావు చేశాం. పోగు లావెక్కిన కొద్దీ చుట్టూ ఉన్న నాళానికి, పోగు నడిమధ్యకి దూరం పెరిగింది. పోగుల మధ్య సందు తగ్గిపోయి నాళాలు నలిగాయి. ఊరు నాలుగు కాలనీలుగా పెరిగిపోయి నీళ్ళ పైపులైను మాత్రం పాతదే ఉంటే చివరింటి కుళాయికి ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. ఆక్సిజన్ సరిగా అందదు. పని చేయగా మిగిలిన లాక్టిక్ ఆమ్లం సరిగా బయటికి పోదు. పోగు లోపల విషపు అవశేషాలు పేరుకుంటాయి. డెలావేర్ విశ్వవిద్యాలయం వాళ్ళు చిన్న పిల్లల నుంచి వారం వారం కండ తీసి మైక్రోస్కోపు కింద చూశారు. పైకి ఆరోగ్యంగా కనిపించే వారం రోజుల పిల్లలో సైతం సిరల గోడల్లో వాపు, వాటి చుట్టూ కొవ్వు మొదలయ్యాయి. షెడ్డులో రైతు 'పిల్ల భలే హుషారుగా ఉంది' అనుకునే రోజులవి.

పోగు చచ్చిపోతుంది. శాటిలైట్ కణాలు మరమ్మతుకు వస్తాయి. మళ్ళీ చస్తుంది, మళ్ళీ వస్తాయి. ఒక దశ దాటాక అవి అలసిపోతాయి. అప్పుడు ఖాళీ అయిన చోటును శరీరం రెండిటితో నింపుతుంది: కొవ్వు, పీచు కణజాలం. నింపిన తీరును బట్టి మనకు మూడు రూపాలు కనిపిస్తాయి.

మొదటిది తెల్ల చారలు. రొమ్ము కండ మీద, ముఖ్యంగా మెడ వైపు దళసరిగా ఉన్న భాగంలో, పోగుల వెంబడే సన్నని తెల్లని గీతలు. ఆర్కన్సాస్ విశ్వవిద్యాలయంలో దీని మీద మొదట్లో విస్తృతంగా పని చేసినవాళ్ళలో కేరళ నుంచి వెళ్ళిన పశువైద్యుడు వివేక్ కుట్టప్పన్ ఒకరు. రెండోది వుడెన్ బ్రెస్ట్. కండ మొత్తం చెక్కలా బిగుసుకుపోతుంది, పైన జిగట నీరు, అక్కడక్కడ నెత్తుటి చుక్కలు. ఫిన్లండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో దీన్ని కణజాల స్థాయిలో వివరించాక మాంసం పరిశ్రమ అంతా ఉలిక్కిపడింది. మూడోది స్పగెట్టీ మీట్. పీచు కణజాలం గట్టిపడడానికి బదులు పట్టు వదిలేస్తుంది, వేళ్ళతో గిల్లితే పోగులు సేమ్యాలా విడిపోతాయి. ఇటలీలో బొలోన్యా విశ్వవిద్యాలయం వాళ్ళు దీన్ని బాగా పరిశీలించారు. ఇది పెట్టల్లో ఎక్కువ కనపడుతుంది. వుడెన్ బ్రెస్ట్ బరువైన పుంజుల్లో ఎక్కువ. ఒకే కండలో రెండు మూడు రూపాలు కలిసి కూడా ఉండొచ్చు.

వీటికంటే పాతది ఇంకోటుంది. రొమ్ము కండ కింద, ఎముకను ఆనుకుని చిన్న కండ ఒకటి ఉంటుంది. రెక్కను పైకి ఎత్తేది అదే. ఒకవైపు ఎముక, మరోవైపు సాగని పొర, మధ్యలో ఈ కండ ఇరుక్కుని ఉంటుంది. కోడి బెదిరి రెక్కలు టపటపా కొట్టుకుంటే రక్తం ఎగదన్ని ఆ కండ ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేదు. లోపలి ఒత్తిడికి దాని రక్తమే ఆగిపోయి కండ చచ్చిపోతుంది. కోసి చూస్తే ముందు ఎర్రబారి, కొన్ని రోజులకు పచ్చగా కనిపిస్తుంది. 1960ల చివర్లో టర్కీ కోళ్ళలో గుర్తించారు, ఆరెగాన్ జబ్బని పేరు పడింది. దీనికి మందు లేదు, షెడ్డులో అల్లరి తగ్గించడమొక్కటే మార్గం. కుక్కలు, పటాకులు, కారణం లేకుండా షెడ్డులో తిరిగే మనుషులు. దీపావళి బ్యాచ్‌ల రైతులు నా మాట అర్థం చేసుకుంటారు.

3. తినేవాడికి ఏం తేడా

ఈ కండ తింటే జబ్బు రాదు. అంటుకునే క్రిమి ఇందులో లేదు. ఇది ముందు చెప్పాలి, ఎందుకంటే చికెన్ మీద ఒక పుకారు పుడితే రైతు ఆరు నెలలు కోలుకోడు. బర్డ్ ఫ్లూ రోజుల్లో మనం చూశాం.

తేడా ఉన్నది సరుకులో. మామూలు రొమ్ము కండలో కొవ్వు ఒక శాతం లోపే. తెల్ల చారలు తీవ్రంగా ఉన్న కండలో అది రెండున్నర శాతం దాకా వెళ్తుంది, మాంసకృత్తులు 23 శాతం దగ్గర నుంచి 21 దగ్గరికి దిగుతాయి. జిమ్‌కు వెళ్ళే కుర్రాడు 'చెస్ట్ బోన్‌లెస్ ఇవ్వండి' అని ఎందుకడుగుతాడో అదే తగ్గుతోందన్నమాట. వుడెన్ బ్రెస్ట్‌లో నీళ్ళు ఎక్కువ, అవి వండేటప్పుడు బయటికి కారిపోతాయి. ఉప్పునీరు, మసాలా లోపలికి పట్టవు. నమిలితే ఒకచోట మెత్తగా, ఇంకోచోట రబ్బరులా తగులుతుంది. ప్రాసెసింగ్ ప్లాంటులో అలాంటి కండను ముక్కగా అమ్మలేక రుబ్బి నగ్గెట్‌లలోకో సాసేజ్‌లలోకో పంపిస్తారు. 2016లో అమెరికా శాస్త్రవేత్తలు వేసిన అంచనా ప్రకారం అక్కడి పరిశ్రమకు ఈ జబ్బుల వల్ల ఏటా 20 కోట్ల డాలర్ల పైనే నష్టం.

4. మన బజారులో ఎందుకు కనపడదు

మన దగ్గర ఏ చికెన్ సెంటర్ ముందైనా బోర్డు ఉంటుంది. లైవ్ ఇంత, విత్ స్కిన్ ఇంత, స్కిన్‌లెస్ ఇంత. పేపరు వాళ్ళు రోజూ ఈ మూడు ధరలూ వేస్తారు. మూడింట్లోనూ కండ ఎలా ఉందన్న ప్రశ్న లేదు. కోడిని బతికుండగానే త్రాసు మీద పెడతాం. ఆ త్రాసుకు చెక్కలా బిగిసిన కండైనా, మెత్తని కండైనా ఒకటే బరువు.

తర్వాత కత్తి. మనం కోడిని ఎముకతో సహా చిన్న ముక్కలు కొట్టించుకుంటాం. రొమ్ము కండను నిండుగా, ఒకే పలకగా చూసే సందర్భం మన వంటింట్లో రాదు. హెల్సింకిలో వినియోగదారుడు పొట్లంలో తెల్లని చారలున్న ఫిల్లే చూసి వెనక్కి పెడతాడు. మన కొట్టువాడి మొద్దు మీద అది పది ముక్కలై కవర్లో పడుతుంది. ఆ తర్వాత ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, గసగసాలు, ధనియాల పొడి, ముప్పావుగంట మంట. ముక్క గట్టిగా తగిలితే నేరం వండినావిడ మీద పడుతుంది. పైగా మన ఇళ్ళల్లో పోటీ లెగ్ పీసు కోసం. చెస్ట్ పీసు చివరికి మిగిలేది. దాని గురించి ఫిర్యాదు చేసేవాళ్ళు తక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి. గట్టిగా ఉన్న ప్రతి ముక్కా ఈ జబ్బు కాదు. కోసిన తర్వాత కండ బిగుసుకుని మళ్ళీ సడలడానికి గంటలు పడుతుంది. పెద్ద ప్లాంట్లలో రొమ్ము కండను ఎముక నుంచి విడదీయడానికి నాలుగు గంటల దాకా ఆగేది అందుకే. మనం కోసిన అరగంటకు ముక్క కడిగి పొయ్యి మీద పెడతాం. వేసవిలో అయితే ఇంకోటి తోడవుతుంది. మే నెలలో మధ్యాహ్నం ట్రేలలో నింపిన కోళ్ళ లారీ రోడ్డు పక్కన ఆగితే, ఎండకు వగర్చిన ఆ కోళ్ళను వెంటనే కోస్తే, కండలో ఆమ్లం త్వరగా పెరిగి ముక్క పాలిపోయి నీరు వదులుతుంది. అది వేరే లోపం, దాని మందు వేరు. కోళ్ళను లారీకెత్తే లిఫ్టింగ్ రాత్రిపూట, దిగాక నీడ, గాలి, కాస్త విశ్రాంతి. విద్యార్థులారా, వైవాలో ఈ రెండింటినీ కలిపేయకండి.

మన బ్రాయిలర్ ఎక్కువగా ఆరు వారాల లోపు, రెండు కిలోల అటూ ఇటూ బరువులో షెడ్డు దాటుతుంది. మూడు కిలోలు దాటిన కోళ్ళలో వుడెన్ బ్రెస్ట్ ఎంత తీవ్రమో ఈ బరువులో అంత కాదు. ఇన్నాళ్ళూ మనల్ని కాపాడింది మన పద్ధతి గొప్పతనం కాదు, మన కోడి చిన్నదవడం. కానీ బజారు మారుతోంది. ప్రతి ఊళ్ళో షవర్మా బండి ఉంది. చికెన్ 65, పాప్‌కార్న్, బర్గరు, ఆన్‌లైన్‌లో ప్యాకెట్లుగా వచ్చే బోన్‌లెస్. వీటన్నిటికీ కావలసింది ఎముక లేని రొమ్ము కండ. బోన్‌లెస్ తీయాలంటే పెద్ద కోడి లాభం, ఒక్కో కోడికి అయ్యే కూలీ అంతే, వచ్చే కండ ఎక్కువ. హోటల్ ఆర్డర్లకు మన దగ్గర కూడా కోళ్ళను ఇంకొన్ని రోజులు ఆపి బరువెక్కించడం మొదలైంది. అంటే మన బజారు నెమ్మదిగా సరిగ్గా ఈ జబ్బు కనపడే బరువు వైపే నడుస్తోంది. కండను పలకగా కోసి, ప్యాకెట్లో పెట్టి అమ్మిన రోజున మసాలా దాన్ని దాచలేదు.

5. తప్పు ఎవరిదన్న తగాదా

శాస్త్రవేత్తల మధ్య ఒక ఆసక్తికరమైన తగువు ఉంది. 2015లో ఒక పెద్ద బ్రీడింగ్ సంస్థలో పనిచేసే శాస్త్రవేత్తలు తమ వంశాల లెక్కలు ప్రచురించారు. వుడెన్ బ్రెస్ట్‌లో వంశపారంపర్యం వాటా చాలా తక్కువ, చాలా భాగం పెంపకం, పరిసరాలు, మేత వల్లేనని తేల్చారు. తర్వాత ఫ్రాన్స్‌లో తెల్ల చారల మీద, డెలావేర్‌లో వుడెన్ బ్రెస్ట్ మీద చేసిన పరిశోధనలు వంశం వాటా చాలా ఎక్కువని చూపించాయి. మందలు వేరు, బరువులు వేరు, లెక్క కట్టిన తీరు వేరు, కాబట్టి తేడా రావడంలో వింత లేదు. నా అభిప్రాయం అడిగితే, ఒకే షెడ్డులో, ఒకే మేత తిన్న కోళ్ళలో కొన్నిటికే ఈ జబ్బు వస్తోందంటే వంశాన్ని నిర్దోషిగా వదలడం కుదరదు. ఎక్కువ రొమ్ము కండ కోసం ఏరిన కోళ్ళలోనే ఇది ఎక్కువ కావడమూ కాకతాళీయం కాదు.

ఈ తగువు మన రైతుకు ఎందుకు? ఎందుకంటే 'పెంపకం వల్లే' అన్న మాట పైనుంచి కిందికి దొర్లుకుంటూ వచ్చి చివరికి ఆగేది ఆయన షెడ్డు దగ్గర. కంపెనీ తరఫున రైతు కోళ్ళు పెంచే ఇంటిగ్రేషన్‌లో పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందు కంపెనీది. రైతుది షెడ్డు, కరెంటు, వరి ఊక, నీళ్ళు, రాత్రి నిద్ర. బ్యాచ్ ముగిశాక ఆయనకిచ్చే గ్రోయింగ్ ఛార్జీ కిలోల మీద, ఎఫ్.సి.ఆర్. మీద, అంటే కిలో బరువుకు తిన్న మేత మీద, చచ్చిపోయిన కోళ్ళ లెక్క మీద కడతారు. ఆ కాగితంలో కండ గురించి ఒక్క గీత లేదు. లేనిదాని గురించి ఆయన ఏమని పట్టించుకుంటాడు?

మేత దగ్గర కొన్ని ఉపాయాలున్నాయని తేలింది. రెండో వారం దాటాక, నాలుగో వారం లోపు పెరుగుదలను కొద్దిగా తగ్గించినా, ఆ దశలో మేతలో లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని కొద్దిగా తగ్గించినా వుడెన్ బ్రెస్ట్ తీవ్రత తగ్గుతుంది. తగ్గేది అదొక్కటే కాదు, రొమ్ము కండ కూడా కొంత తగ్గుతుంది. విటమిన్-ఇ, ఆర్జినిన్ లాంటివి కలిపితే కొద్దో గొప్పో ఉపయోగం. డబ్బాల మీద రాసినంత లేదు, డబ్బాలు అమ్మేవాళ్ళు ఇక్కడుంటే క్షమించాలి. ఉపాయం తెలిసీ వాడకపోవడానికి కారణం అజ్ఞానం కాదు. వాడితే కిలోలు తగ్గుతాయి, తగ్గిన కిలోలకు ఎవరూ డబ్బులివ్వరు.

6. ధరలోకి కండ ఎలా వస్తుంది

'అయితే నాటుకోడికి వెళ్ళిపోదాం' అని ప్రతి సభలోనూ ఒకరు లేచి అంటారు. నాటుకోడి పులుసు నాకూ ఇష్టమే. కానీ అదే బరువుకు నాటుకోడి ఎన్నో రెట్ల రోజులు తీసుకుంటుంది, ఎంతో ఎక్కువ మేత తింటుంది. అల్బర్టా లెక్కలో మేత సగానికి తగ్గిందని చెప్పాను గదా. కూలీ చేసుకునే ఇంట్లోకి వారానికోసారి కోడికూర వచ్చిందంటే ఆ సగం వల్లే. దాన్ని చిన్నచూపు చూడలేను. రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంచాలనాలయం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పెరటి పెంపకానికి మంచివి, హోటల్ బోన్‌లెస్‌కు కావు. అదే సంస్థ కృషిబ్రో అనే రంగు బ్రాయిలర్ కూడా తీసుకొచ్చింది. నడిమధ్య దారి ఒకటుందనడానికి అది ఉదాహరణ.

నెదర్లాండ్స్‌లో జరిగింది చూడదగ్గది. అక్కడ జంతు సంక్షేమ సంఘాలు, సూపర్‌మార్కెట్లు కలిసి మాంసం ప్యాకెట్ మీద నక్షత్రాలు వేసే పద్ధతి పెట్టుకున్నాయి. నెమ్మదిగా పెరిగే జాతి, షెడ్డులో ఎక్కువ చోటు ఉంటే నక్షత్రం. 2023 చివరికి అక్కడి సూపర్‌మార్కెట్లలో తాజా చికెన్ కనీసం ఒక నక్షత్రం స్థాయికి వచ్చింది. వాళ్ళు మొదలుపెట్టింది కోడి సుఖం కోసం, కండ కోసం కాదు. కానీ నెమ్మదిగా పెరిగే ఆ కోళ్ళలో ఈ కండ జబ్బులు బాగా తక్కువ. ఇందులో నన్ను ఆకట్టుకున్నది జాలి కాదు, ధర. కొనేవాడు ప్యాకెట్ మీద చూసి డబ్బులిచ్చే ఒక గుర్తు ఏర్పడింది. ఆ గుర్తు పైకి ఎక్కుతూ వెళ్ళి మూల వంశాలను ఏరే చోటుకు చేరింది. వాళ్ళది చిన్న దేశం, డబ్బున్న దేశం. వాళ్ళ నక్షత్రాన్ని తెచ్చి మన బోర్డు మీద అతికించమని నేననను.

మనం చేయగలిగినవి కొన్ని షెడ్డులోనే ఉన్నాయి. మొదటి వారం బ్రూడింగ్, అంటే పిల్లకు వెచ్చదనం ఇచ్చి సాకడం. శాటిలైట్ కణాల సంగతి చెప్పాను. మొదటి వారంలో పిల్ల ఆకలితో గానీ, వేడీ చలీ తేడాలతో గానీ నలిగితే ఆ కణాలు కండ వైపు కాకుండా కొవ్వు వైపు మళ్ళుతాయని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో శాండ్రా వెల్లెమన్ బృందం ఏళ్ళ తరబడి చేసిన పని చూపిస్తోంది. అందుకని పెరుగుదలకు కళ్ళెం వేయాలనుకుంటే రెండో వారం తర్వాతే వేయండి, మొదటి వారంలో పిల్ల పొట్ట నిండాలి. చలికాలం తెల్లవారుజామున షెడ్డు పరదాలు చూసుకోవడం కిలోల కోసమే కాదు.

అసలు పని మాత్రం ప్లాంటులో మొదలవ్వాలి. ఈ హైదరాబాద్‌లోనే రాజేంద్రనగర్‌లో కోడిని చదివే సంస్థ ఉంది, చెంగిచెర్లలో మాంసాన్ని చదివే జాతీయ సంస్థ ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. బోన్‌లెస్ తీసే ప్లాంట్లు చుట్టుపక్కలే ఉన్నాయి. బ్యాచ్ ముగిశాక రైతుకు ఇచ్చే కాగితంలో కిలోల కింద ఒక గడి చేర్చమని నా విన్నపం: ఆ మందలో కండ ఎలా ఉంది అని. బాగున్న మందకు కిలోకు కొన్ని పైసలు అదనం. కోతలు వద్దు, అదనం చాలు. కోత పెడితే రైతు మీద ఇంకో భారం, పైగా వంశం తప్పుకు ఆయన జరిమానా కట్టినట్టవుతుంది. ఆ గడి నాలుగైదేళ్ళు నింపితే, ఏ కంపెనీ పిల్లకు ఏ మేత మీద ఏ కండ వస్తోందో మన లెక్క మన దగ్గర ఉంటుంది. అప్పుడు మూల వంశాలు అమ్మేవాళ్ళతో కూర్చుని మాట్లాడవచ్చు. 1982లో గుడ్ల రైతులు కూడా అలాగే బేరానికి కూర్చున్నారు.

దీనికి యంత్రం అక్కర్లేదు. చల్లార్చిన రొమ్ము కండను పలకగా రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కి, కొద్దిగా వంచి చూడాలి. అంతా మెత్తగా వంగితే సున్నా. మెడ వైపు మాత్రమే గట్టిగా ఉంటే ఒకటి. గట్టిదనం సగం దాకా పాకితే రెండు. చివరిదాకా బిగుసుకుని, తోక వైపు ఉబ్బెత్తుగా లేచి, వంగనని మొరాయిస్తే మూడు. తెల్ల చారలకు వేరే వరస, కంటితో చూసి వేయాలి. ఒకరిద్దరు విద్యార్థులు నాలుగు రోజులు చేస్తే చేయి తిరుగుతుంది. పుంజులు, పెట్టలు విడివిడిగా రాయండి. రెండు కిలోల లోపు కోళ్ళను, రెండున్నర దాటినవాటిని కూడా విడివిడిగా రాయండి. అన్నీ కలిపి సగటు తీస్తే ఈ జబ్బు మళ్ళీ తూకంలో కలిసిపోతుంది.